ఇంగువ కట్టిన గుడ్డ

సంక్రాంతి నాటి మాట. మా యింట్లో పులిహోర కలుపుతున్నారు. పోపు చిటపటలాడి ఇంగువ వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. అరుగుమీద కూర్చున్న మా అమ్మగారు, "ఇంగువ దండిగా వేశావే అమ్మాయీ!" అని అక్కడినుంచే మెచ్చుకున్నారు. తీరా విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు నోట పెట్టుకున్నాక, "యిదేమిటి, ఇంగువ వేసినట్టే లేదు. ఉప్పు కూడా చాలలేదు" అన్నారు.

మా యింటావిడ ముఖం చిన్నబోయింది. "యిందాకేగా అత్తయ్యా, వాసన వస్తోందన్నారు?" అని మాత్రం అని, ఉప్పు గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. అప్పటికే రక్తపుపోటుకు మందు పుచ్చుకుంటున్న మనిషి మా అమ్మగారు. రెండు చిటికెలు ఉప్పు కలుపుకుని తిన్నారు.

మధ్యను మేము. తల్లి పక్షం వహిస్తే వంటింట్లో కోపం, భార్య పక్షం వహిస్తే అరుగుమీద కోపం. కనుక నోరు మెదపకుండా భోజనం ముగించి లేచాము. కాని ఒక ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. అరుగుమీద అంత బాగా తెలిసిన వాసన, నోట్లోకి వచ్చేసరికి ఎందుకు తెలియలేదు? ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. ఈవిడ ఇంగువ దాచుకునే మనిషి కాదు. ఈ తగవు మా యింటికే పరిమితమని కూడా మేము అనుకోము. వృద్ధులున్న ప్రతి యింట్లోనూ "కూర చప్పగా వుంది" అన్న మాటా, దాని వెంట ఒక నిట్టూర్పూ వినబడుతూనే వుంటాయి. అందుచేత ఈ విషయమై చదివినదీ, వైద్యుల నడిగి తెలుసుకున్నదీ చదువరుల ముందుంచుతున్నాము.

ముక్కుకు రెండు దారులు

ముందుగా ఒక చిన్న పరీక్ష. ఏలకుల పొడి కలిపిన బెల్లం ముక్క ఒకటి తీసుకోండి. ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా మూసుకుని దాన్ని నమలండి. తీపి తెలుస్తుంది, అంతే. ఏలకుల సంగతే తెలియదు. యిప్పుడు ముక్కు వదలి, నోరు మూసుకునే ఊపిరి బయటికి విడవండి. ఏలకుల పరిమళం ఒక్కసారిగా గుప్పుమంటుంది. పిల్లలచేత చేయిస్తే వారికి మంచి వినోదం కూడాను.

దీని అర్థమేమిటి? మనం రుచి అని పిలిచేదానిలో పెద్ద భాగం నాలుకది కాదు, ముక్కుది. నాలుకకు తెలిసే మూలరుచులు కొద్ది. తీపి, పులుపు, ఉప్పు, చేదు అనే నాలుగింటికి తోడు 1908లో టోక్యోలో ఆచార్య ఇకెదా సముద్రపు నాచుతో కాచిన చారులో ఐదవదాన్ని గుర్తించి, ఉమామి అని పేరు పెట్టాడు. కాని జీలకర్రనూ ధనియాలనూ వేరుచేసి చెప్పేది, కొత్తిమీరనూ కరివేపాకునూ పోల్చుకునేది ముక్కే. ముక్కు పైభాగాన వాసనలను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలున్నాయి. ఈ గ్రాహకాల గుట్టును 1991లో విప్పిన లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమానం లభించింది.

ఆ గ్రాహకాలను చేరడానికి వాసనకు దారులు రెండు. ఒకటి వీధి గుమ్మం, అంటే ముక్కు రంధ్రాలు. అరుగుమీద కూర్చున్న మా అమ్మగారికి పోపు వాసన అందినది ఆ దారినే. రెండవది పెరటి గుమ్మం. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ నోట్లో పుట్టిన పరిమళం గొంతు వెనుకనుంచి, మనం విడిచే ఊపిరితో కలిసి ముక్కులోకి ఎక్కుతుంది. మొదటి దారిన వచ్చినది బయటి వస్తువు వాసనగా తోస్తుంది. రెండవ దారిన వచ్చినది నోట్లోని రుచిగానే తోస్తుంది. ఒకే ఇంద్రియానికి వున్న ఈ రెండు ముఖాలను గురించి 1982లో పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్రాసిన వ్యాసం ప్రసిద్ధమైనది.

కనుక మా అమ్మగారి ముక్కు వీధి గుమ్మం బాగానే వుంది. చిక్కు పెరటి వైపున వచ్చింది. పెరటి గుమ్మానికి దారి నోరు. కాబట్టి యిక నోటి సంగతి చూడాలి.

నోటిలోని తడి గోడలు

బుగ్గల లోపలి వైపు, చిగుళ్ళు, అంగిలి, నాలుక అడుగు — యివన్నీ కప్పుతూ మెత్తని పొర ఒకటి వున్నది. చర్మానికి తోబుట్టువే గాని ఎప్పుడూ తడిగా వుంటుంది. దాని పైకణాలు నిత్యం రాలిపోతూ, కొత్తవి పుట్టుకొస్తూ వుంటాయి. బుగ్గ లోపలి పొర సుమారు రెండు వారాలలో కొత్తదైపోతుంది. వేడి కాఫీకి కాలిన నోరు నాలుగు రోజుల్లో బాగుపడడానికి కారణం యిదే.

ఈ పొరపైన మరొక పొర వున్నది. అది కంటికి కనబడదు. లాలాజలంలోని జిగురు మాంసకృత్తులు కణాలకు అంటుకుని ఏర్పరచిన సన్నని పూత అది. దానిపైన లాలాజలం పలుచగా పరచుకుని వుంటుంది. కెనడా దేశపు పరిశోధకులు 1987లో కొలిచి చూస్తే పెద్దవాళ్ళ నోటి లోపలి వైశాల్యం పళ్ళతో సహా సుమారు 215 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. అంటే మన పోస్టుకార్డులు రెండింటికన్న కొంచెం తక్కువ. అందులో పళ్ళ వాటా అయిదింట ఒకటి. తక్కినదంతా మెత్తని పొరే. దానిమీది లాలాజలపు మందం మిల్లీమీటరులో పదవ వంతుకు లోపు, ఒక కాగితమంత.

రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. చెవుల ముందర, దవడ క్రింద, నాలుక క్రింద వున్న మూడు జతల పెద్ద గ్రంథులు దానిలో అధికభాగాన్ని యిస్తాయి. యివిగాక పెదవులలో, బుగ్గలలో, అంగిలిలో చిన్న గ్రంథులు వందలకొద్దీ వున్నాయి. యివి యిచ్చే నీరు తక్కువ, జిగురు ఎక్కువ. ఆ జిగురే పైన చెప్పిన పూతకు ముఖ్యమైన సరుకు.

గుడ్డకు పట్టిన వాసన

యిప్పుడు అసలు సంగతి. ఇంగువ కట్టిన గుడ్డ అని మనలో ఒక మాట వున్నది. ఇంగువ అయిపోయినా గుడ్డకు వాసన పోదు. మన నోటి పొర కూడా అచ్చం అటువంటి గుడ్డే.

ముద్ద మింగే క్షణంలో మెత్తని అంగిలి పైకి లేచి, గొంతుకూ ముక్కుకూ మధ్య దారిని తలుపులా మూసేస్తుంది. లేకపోతే నీళ్ళూ మెతుకులూ ముక్కులోకి పోతాయి. మింగడం పూర్తికాగానే ఆ తలుపు తెరుచుకుని, వెలువడే ఊపిరితో పరిమళం ఒక కెరటంలా పైకి లేస్తుంది. మంచి కాఫీ గుక్క మింగిన తరువాత నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి విడిచి చూడండి, ఈ కెరటం మీకే తెలుస్తుంది. అయితే కాఫీ అప్పటికే కడుపులోకి పోయింది గదా, మరి రెండవ ఊపిరికీ మూడవ ఊపిరికీ కూడా ఆ పరిమళం ఎక్కడినుంచి వస్తున్నది?

2000 సంవత్సర ప్రాంతంలో జర్మనీలో దీనిని పరీక్షించారు. పరిమళ ద్రవ్యాలు కలిపిన నీటిని కొందరి నోళ్ళలో కొద్దిసేపు వుంచి, ఉమ్మివేయించి, ఆ ఉమ్మినదానిలో ఎంత మిగిలిందో కొలిచారు. పోసినంతా తిరిగి రాలేదు. కొంత భాగం నోటి గోడలకే పట్టుకుని వున్నది.

తరువాతి సంవత్సరాలలో ఫ్రాన్సు దేశంలోని దిజోన్ నగరపు పరిశోధకులు మరింత లోతుకు వెళ్ళారు. నోటి పొర కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటిపై మనుష్యుల లాలాజలం పోసి, నోటిలోని పూతవంటిదే అక్కడా ఏర్పడేటట్లు చేశారు. పరిమళ ద్రవ్యాలు ఆ పొరకు అంటుకుని, మెల్లమెల్లగా విడుదల కావడం కనిపించింది. నీటిలో కరగడానికి యిష్టపడని, నూనెలో కరిగే స్వభావంగల పరిమళాలు పొరను ఎక్కువగా పట్టుకుంటాయి. నీటితో పొత్తు కలిగినవి త్వరగా వెళ్ళిపోతాయి. ఇంగువలోని ఘాటు గంధకపు ద్రవ్యాలది. వాటిని మనవాళ్ళు నీళ్ళలో కాక కాగిన నూనెలో వేసి పైకి తేవడం ఉత్తినే పుట్టిన అలవాటు కాదు.

యింతేకాదు. ఈ పొర కేవలం గోడ కాదు, చిన్నపాటి కార్ఖానా కూడాను. లాలాజలంలోనూ పొర కణాలలోనూ వున్న ఎంజైములు కొన్ని పరిమళ ద్రవ్యాలను వేరే ద్రవ్యాలుగా మార్చివేస్తాయి. గిన్నెలోని వాసనా, నోట్లోని వాసనా అన్నివేళలా ఒకటిగా వుండకపోవడానికి యిది ఒక కారణం. లాలాజలం మనిషి మనిషికీ వేరుగా వుంటుంది. కనుక ఒకే చారు ఒకే పంక్తిలో కూర్చున్న ఇద్దరికి ఒకే తీరుగా తోచకపోతే, ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోనక్కరలేదు.

ఆరు రుచులలో రెండు

మనవాళ్ళు షడ్రుచులన్నారు. ఉగాది పచ్చడిలో ఆరూ వుంటాయి. అందులో కారమూ, వగరూ పాశ్చాత్యుల జాబితాలో రుచులుగా లేవు. ఆ రెండూ ముఖ్యంగా ఈ నోటి పొరకే చెందినవి.

మిరపకాయలోని ద్రవ్యం పొరలోని వేడిని తెలిపే నరాల కొసలను తట్టుతుంది. అందుకే కారం తింటే నోరు మండింది అంటాము. మెదడుకు అందే కబురు నిజంగా నిప్పు కబురే. ఆ గ్రాహకాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, నోబెల్ బహుమానం వచ్చింది. యిక వగరు. నేరేడుపళ్ళలో, పచ్చి అరటికాయలో, చిక్కని టీలో, వక్కలో వున్న టానిన్లు లాలాజలపు మాంసకృత్తులను పట్టుకుని ముద్దచేస్తాయి. నునుపుదనం పోయి, నాలుక అంగిలికి రాసుకుని గరుకు పుడుతుంది. ఆ గరుకే వగరు.

నెయ్యి చేసే పని దీనికి భిన్నం. నూనెలో కరిగే పరిమళాలను అది తనలో దాచుకుని, నోటి గోడలపై పలుచగా పరచుకుని, నెమ్మదిగా వదులుతుంది. పప్పన్నంలో చెంచాడు నెయ్యి పడితే పోపు వాసన భోజనమంతా వెంట నడిచినట్టుండడానికి అదే కారణం.

గుడ్డ ఎండితే

యిక మా యింటి తగవుకు వద్దాము. పొడి వస్తువు నాలుకకూ ముక్కుకూ కూడా మూగది. ఉప్పు కరగందే ఉప్పన తెలియదు. ముద్ద తడిసి, నలిగి, గోడలకు పట్టందే అందులోని పరిమళం పెరటి దారి పట్టదు. లాలాజలం తగ్గిన నోట్లో మెతుకులు ఒకచోట ముద్దకట్టి, సరిగా నలగకుండానే గొంతు దిగిపోతాయి.

వయస్సుతో ముక్కు శక్తి కొంత తగ్గుతుంది, నిజమే. కాని వృద్ధుల నోరు ఎండడానికి వయస్సుకన్న మందులే తరచు కారణమని వైద్యులు చెబుతారు. తుమ్ములకూ దురదలకూ వాడే పాతరకపు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే రక్తపుపోటు మందులు, మనోవ్యాధికిచ్చే కొన్ని మందులు నోటిని ఎండగడతాయి. మధుమేహం కూడా ఎండగడుతుంది. తలకూ మెడకూ రేడియేషన్ చికిత్స పొందినవారిలో గ్రంథులే దెబ్బతినవచ్చు. పై దవడకు నిండు కట్టుడుపళ్ళు పెట్టించుకుంటే అవి అంగిలిని కప్పివేస్తాయి. ఆ మేరకు తిండి స్పర్శ తగ్గుతుంది.

అప్పుడు మనిషి ఏమి చేస్తాడు? చప్పగా వున్నది గనుక ఉప్పు కలుపుకుంటాడు. పోయినది పరిమళం, కలిపినది ఉప్పు. పోయినది రాదు సరిగదా, రక్తపుపోటు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హితవు. ఊరగాయలూ అప్పడాలూ లేని తెలుగు విస్తరి లేదు గనుక ఆ అయిదు గ్రాములు దాటడం మనకు ఎంతసేపు?

మా అమ్మగారిని వైద్యునివద్దకు తీసుకుపోయినప్పుడు ఆయన మొదట నోరు తెరవమన్నారు. చెక్కబద్ద బుగ్గకు అంటుకుపోయింది. "మందులన్నీ చూపించండి" అన్నారు. రక్తపుపోటు మాత్రలతోపాటు, ఎప్పుడో తుమ్ములకని మొదలుపెట్టి, మానమని ఎవరూ చెప్పలేదని రెండేళ్ళుగా వేసుకుంటున్న మాత్ర ఒకటి బయటపడింది. ఆ ఒక్కదాన్నే ఆయన ఆపించారు. యిక్కడ చదువరులకు ఒక మనవి: ఏ మాత్ర ఆపాలో, ఏది మార్చాలో వైద్యుడే చెప్పాలి. వ్యాసం చదివి రక్తపుపోటు మందు మానవద్దు.

గుడ్డను మనమే కాల్చుకుంటే

మందులవల్ల ఎండిన పొర మళ్ళీ తడుస్తుంది. చేజేతులా పాడుచేసుకున్న పొర సంగతి వేరు. ఈ మాట మనవారికి ప్రత్యేకించి చెప్పవలసి వున్నది.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెలలో నిప్పున్న కొన నోటిలోపల పెట్టుకుని చుట్ట త్రాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, చిరకాలంగా వున్నది. వేడీ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరుకూ ఈ అలవాటుకూ వున్న సంబంధం 1957లోనే వైద్య పత్రికకెక్కింది. పనిచేసేటప్పుడు చుట్ట ఆరకుండా వుండాలని మొదలైనదని కొందరు, పెద్దల ముందు నిప్పు కనబడకుండా అని కొందరు చెబుతారు. ఎలా మొదలైనా, అంగిలి తెల్లబారినా, పుండు పడి మానకున్నా వెంటనే చూపించుకోవాలి.

వక్క సంగతి యింకా విశాలం. వక్క నమలడంవల్ల నోటి పొర క్రింద నారలు పెరిగి, పొర బిగిసి, నోరు తెరుచుకోని జబ్బును 1952లో తూర్పు ఆఫ్రికాలోని భారత స్త్రీలలో ష్వార్ట్జ్ అనే వైద్యుడు వర్ణించాడు. మరుసటి ఏడు, 1953లో, బొంబాయిలో జోషి అనే వైద్యుడు మన దేశంలోని రోగులను గురించి వ్రాశాడు. కారం తగిలితే భరించరాని మంట దీనికి తొలి సూచన. రుచి సరిగా తెలియకపోవడం కూడా దీని లక్షణాలలో ఒకటి. పొగాకు లేని వట్టి వక్క కూడా క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004 నాటి గ్రంథంలో ప్రకటించింది. పెళ్ళి తాంబూలం మన గౌరవం, కాదనము. గుట్కా పొట్లం మాత్రం ఏ గౌరవానికీ చెందినది కాదు. మన కుర్రవాళ్ళ జేబులలో అది కనబడితే చూడనట్టు వూరుకోవద్దని పెద్దలను వేడుకుంటున్నాము.

వంటింటికి నాలుగు మాటలు

వృద్ధుల విస్తరి ముందు గ్లాసుతో నీళ్ళుంచండి. ముద్ద ముద్దకూ కాదు, నోరు ఎండినప్పుడల్లా ఒక గుటక. భోజనానికి ముందు నీళ్ళు పుక్కిలించడం మంచిది. వేపుళ్ళకంటె పులుసులూ చారూ వారికి సుఖం. పులుపు లాలాజలాన్ని ఊరిస్తుంది గనుక నోటిపూత లేనివారికి ఒక నిమ్మబద్ద పిండితే, ఉప్పు పెంచనక్కరలేకుండానే రుచి తేలుతుంది. ఉదయం పళ్ళతోపాటు నాలుక గీసుకోవాలి. కట్టుడుపళ్ళు రాత్రి తీసి కడగాలి. అన్నిటినీ మించి, తొందరపెట్టకండి. నమలడానికి వ్యవధి యిస్తేనే పొరకు పరిమళం పడుతుంది. 2020లో కోవిడ్ వచ్చి ఎందరికో వాసన తెలియకుండా పోయినప్పుడు, అన్నం మట్టిలా వున్నదని పడుచువాళ్ళే కంట తడిపెట్టారు. వృద్ధులు ఆ మాటను సంవత్సరాల తరబడి చెబుతున్నారు. మనం దానిని చాదస్తమంటున్నాము.

మాత్ర ఆపిన తరువాత వారాలు కొన్ని గడిచాయి. ఒకనాడు మామూలు చారే పెట్టారు. మా అమ్మగారు రెండు ముద్దలు తిని, కొంచెంసేపు నోరు మూసుకుని కూర్చుని, "ఇంగువ యివాళ కాస్త ఎక్కువైంది అమ్మాయీ" అన్నారు. మా యింటావిడ వంటింట్లోంచి తొంగిచూసింది. నిందను విని అంత సంతోషించిన కోడలిని మేము మరెక్కడా చూడలేదు.